త్రుప్పు పట్టిన వ్యాయామపు బరువులను బాగుచేయుట

గ్రామములలోని యువజన సంఘపు గదులలోను, పలువురు రైతుల ఇండ్ల వసారాలలోను నేడొక దృశ్యము తరచుగ కంటబడుచున్నది. గోడ మూలను నాలుగైదు ఇనుప బిళ్లలు, ఒక పొడవాటి కడ్డీ, ఒక జత డంబెల్సు ఎర్రగ త్రుప్పు పట్టి పడియుండును. వాటిపైన ఖాళీ గోనె సంచులు, ప్రక్కన సగము వాడిన పొటాషు బస్తా. 2020వ సంవత్సరములో కరోనా వ్యాధి కారణమున వ్యాయామశాలలు మూతబడినప్పుడు అనేకులు బరువులను ఇంటికే తెచ్చుకొనిరి. ఆ తరువాత పొలము పనులలోబడి కొందరు, చదువులలోబడి కొందరు వాటిని మరచిరి.

ఇప్పుడు ఇంటిలోని కుర్రవాడు పోలీసు ఉద్యోగమునకో, సైన్యములో చేరుటకో దేహమును సిద్ధపరచుకొనదలచి ఆ బరువులను బయటకు తీయును. చేతులకు ఎర్రపొడి అంటును. అది చూచి తండ్రి, "పాత ఇనుము కొనువానికి వేసెయ్యరా" అనును. కుర్రవాడు "ఏమీ కాదు నాన్నా" అని అట్లే కడ్డీకి బిళ్లలెక్కించి ఎత్తబోవును. ఈ రెండును తొందరపాటు పనులే. తండ్రి మాట వినినచో ఇంకను తరతరముల పాటు పనికివచ్చు ఇనుము పాత సామానుల ధరకు పోవును. కుమారుడు చేయబోవు పని వలన ప్రాణమునకే అపాయము కలుగవచ్చును. ఏది బాగుచేయదగినది, ఏది పారవేయదగినది, బాగుచేయు విధమెట్టిది అను సంగతులను ఈ పాఠములో తెలిసికొందము.

బరువులెత్తుట మన పల్లెలకు క్రొత్త కాదు. తాలింఖానాలలో సాము నేర్చినవారును, పండుగలకు సంగిడి రాళ్లనెత్తి పందెములు గెలిచినవారును మన పెద్దలలో ఎందరో కలరు. మల్లవీరుడు కోడి రామమూర్తి నాయుడుగారిది ఉత్తరాంధ్రలోని వీరఘట్టము. 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోలనెత్తి కంచు పతకము గెలిచిన కరణం మల్లీశ్వరిగారిది శ్రీకాకుళము జిల్లాలోని ఊసవానిపేట. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళ ఆమెయే. నాటి సంగిడి రాతికి త్రుప్పు పట్టదు. నేటి బరువులు ఇనుముతో చేసినవి గాన వాటికి సంరక్షణ కావలెను. సముద్రపు గాలి సోకు కోస్తా గ్రామములలో ఈ అవసరము మరింత హెచ్చు.

త్రుప్పు ఎట్లు పట్టును?

ఇనుము, గాలిలోని ఆమ్లజని, నీరు – ఈ మూడును ఒకచోట చేరినప్పుడే త్రుప్పు ఏర్పడును. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినను అది పుట్టదు. ఇనుము మనకు కావలెను. గాలిని తొలగించుట మన తరము కాదు. కావున మన చేతిలోనున్న ఉపాయము నీటిని దూరముగ ఉంచుట ఒక్కటే. నీరనగా వర్షమే కానక్కరలేదు. గాలిలో తేమ 60 శాతమునకు మించినచో కంటికి కనబడని పలుచని నీటి పొర ఇనుముపై నిలిచి త్రుప్పు త్వరపడును. మన వానకాలములో చాల దినములు తేమ అంతకు మించియే యుండును.

ఉప్పు తోడైనచో త్రుప్పు మరింత వేగముగ వ్యాపించును. చెమటలో ఉప్పు కలదు. సముద్రపు గాలిలో ఉప్పు కలదు. పొటాషు ఎరువు కూడ క్లోరైడు జాతి ఉప్పే. యూరియా గాలిలోని చెమ్మను పీల్చుకొని తన చుట్టునుగల వస్తువులకు తడి తగిలించును. ఎరువుల బస్తాల ప్రక్కన ఉంచిన బరువులు పడకగదిలో ఉంచిన వాటికంటె ముందుగ పాడగుటకు కారణమిదియే.

అల్యూమినియము వంటి లోహములపై గాలికి ఏర్పడు పొర గట్టిగ అంటుకొని లోపలి లోహమును కాపాడును. ఇనుప త్రుప్పు అట్లు కాదు. అది గుల్లగ నుండి నీటిని పట్టి ఉంచును. అందుచేత దాని క్రింద త్రుప్పు ఇంకను లోతునకు పోవుచునే యుండును. ఇనుము త్రుప్పుగ మారునప్పుడు దాని పరిమాణము పెరుగును. బిళ్లపై రంగు పెచ్చులుగ లేచుటకును, కడ్డీపై కాలరు కదలకుండ బిగుసుకొనిపోవుటకును ఇదియే హేతువు.

బిళ్ల వేరు, కడ్డీ వేరు

పని మొదలిడుటకు ముందు ఒక్క విషయమును బాగుగ గ్రహింపవలెను. బిళ్ల చేయు పని బరువుగ నుండుట మాత్రమే. కడ్డీ చేయు పని ఆ బరువును మోయుట. బండిలోని మూటకు మన్నంటినను నష్టములేదు. ఇరుసుకు బీట పడినచో బండి బోల్తా పడును. అట్లే పైపైన త్రుప్పు పట్టిన బిళ్ల దాదాపు ఎల్లప్పుడును బాగుపడును. త్రుప్పు లోనికి తిన్న కడ్డీ మాత్రము ఎంత మెరుగు పెట్టినను బాగుపడదు. పోయిన ఇనుము తిరిగి రాదు. బల్లపై పడుకొని బరువునెత్తు వాని రొమ్ముపైననే ఆ కడ్డీ ఉండునని మరువరాదు. కావున బిళ్లల విషయమున పొదుపును, కడ్డీ విషయమున అనుమానమును పాటింపవలెను.

మొదట చేయవలసిన పరీక్ష

సామానునంతటిని ఎండలో గచ్చుపై పరచి, తరగతులుగ వేరుచేయవలెను.

1. పోత ఇనుప బిళ్లలు: పోత ఇనుము గట్టిదే గాని పెళుసు. క్రింద పడినచో బీటలు వారవచ్చును. బిళ్ల నడిమి రంధ్రములో త్రాడు దూర్చి వ్రేలాడదీసి, కొయ్య పిడితో మెల్లగ తట్టవలెను. మంచి బిళ్ల గంట వలె ఖంగుమనును. బీట వారినది బొంగురుగ పలుకును. దట్టమైన త్రుప్పు వలన కూడ ధ్వని మందగించును గాన, శుభ్రము చేసిన తరువాత మరల ఒకసారి పరీక్షింపవలెను. బీట వారిన దానిని అతికించి వాడరాదు.

2. ఉక్కు కడ్డీలు: బిళ్లలు లేకుండ కడ్డీని సమమైన గచ్చుపై దొర్లింపవలెను. ఎగిరెగిరి దొర్లినచో అది వంగినదని తెలియును. త్రుప్పును కొంత తుడిచి చేతితో తడిమి చూడవలెను. గోరు దిగునంత గుంటలున్నను, సన్నని బీట కనిపించినను, నడుము భాగము సన్నబడినను ఆ కడ్డీని విడిచిపెట్టవలెను.

3. బోలు గొట్టపు కడ్డీలు: చవుకగ దొరకు కడ్డీలలో కొన్ని గొట్టములే. బయటి త్రుప్పు మనకు కనబడును, లోపలిది కనబడదు. పైన బాగుగ త్రుప్పు పట్టిన గొట్టమును బరువులకు నమ్మరాదు. తీగలు ప్రాకించు పందిరికి అడ్డుకర్రగ వాడుకొనవచ్చును.

4. మరలు, కాలర్లు: డంబెల్ కడ్డీల చివరలనుండు మరల అంచులు అరిగినవేమో చూడవలెను. నట్టు చివరి వరకు తిరుగవలెను; తిరిగిన తరువాత అటునిటు ఊగరాదు. ఒకవైపు కాలరు జారి బిళ్ల పడిపోయినచో రెండవవైపు బరువు కడ్డీని ఒక్కసారిగ తిప్పివేయును. ఎత్తువాని మణికట్టు విరుగుట ఈ క్షణములోనే జరుగును.

5. ప్లాస్టిక్ తొడుగు బిళ్లలు: వీటిలో చాల వరకు ఇసుక, సిమెంటు వంటి పదార్థములే యుండును. వీటిని తడిగుడ్డతో తుడిచిన చాలును. తొడుగు పగిలినచో మార్చుకొనవలెను.

6. పడుకొని ఎత్తు బల్ల: అతుకుల వద్ద త్రుప్పు ఎట్లున్నదో చూడవలెను. అతుకు క్రింద బీట యున్నచో వెల్డింగు పనివానికి చూపనిదే దానిపై పడుకొనరాదు.

పనికి ముందు జాగ్రత్తలు

త్రుప్పు ధూళి కంటిలోను, ఊపిరితిత్తులలోను పడరాదు. కండ్లద్దములు, ముక్కుకు మాస్కు, చేతులకు మందపు తొడుగులు ధరింపవలెను. పని ఆరుబయట చేయవలెను. పాత రంగులలో సీసము ఉండవచ్చును. మన దేశములో ఇంటి రంగులలో సీసమును 90 పి.పి.యం.కు పరిమితము చేసిన నిబంధన 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగు గల బిళ్లలను పొడిగ గీకరాదు. నీటితో తడిపి రుద్దవలెను. పెచ్చులను కాగితముపై పట్టి, మూటకట్టి పారవేయవలెను. చిన్నపిల్లలను, కోళ్లను ఆ చోటికి రానీయరాదు.

త్రుప్పు గీసుకొనిన ధనుర్వాతము వచ్చునని మనవారందురు. నిజమునకు ఆ వ్యాధిని కలిగించునది త్రుప్పు కాదు. మట్టిలోను పేడలోను నివసించు ఒక సూక్ష్మజీవి. పశువుల కొట్టము ప్రక్కన పడియున్న ఇనుముపై ఆ మట్టి ఉండుట సహజము గాన అపాయము అపాయమే. గీసుకొనినచో వెంటనే సబ్బుతో, ధారాళమైన నీటితో కడిగి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి టీకా సంగతి విచారింపవలెను. పసుపు అద్ది ఊరకుండరాదు.

బిళ్లలను శుభ్రపరచు విధము

మొదట సబ్బునీటితో జిడ్డు, మట్టి, చెమట ఉప్పు పోవునట్లు కడిగి ఆరనీయవలెను. తరువాత త్రుప్పు స్థితిని బట్టి ఈ క్రింది పద్ధతులలో ఒకదానిని ఎన్నుకొనవలెను.

(అ) పైపై త్రుప్పు: ఇనుప తీగల బ్రష్షుతో రుద్ది, తరువాత 80 నంబరు ఉప్పు కాగితముతోను, చివరకు 120 నంబరుతోను నునుపు చేయవలెను. 10 కిలోల బిళ్లకు ఒక మనిషి అరగంట, ముప్పాతిక గంట పనిచేసిన చాలును. డ్రిల్లింగు యంత్రమునకు తీగల బ్రష్షు తగిలించినచో పని త్వరగ సాగును గాని, తీగలు తెగి బాణములవలె ఎగురును. కండ్లద్దములు లేక ఆ పని చేయరాదు.

(ఆ) నిమ్మ ఉప్పు నీరు: త్రుప్పు దట్టముగ నున్నచో ఇది సులభమైన మార్గము. కిరాణా కొట్టులో దొరకు నిమ్మ ఉప్పును 20 లీటర్ల నీటికి 1 కిలో చొప్పున ప్లాస్టిక్ తొట్టెలో కరగించి, బిళ్లలు పూర్తిగ మునుగునట్లు ఉంచవలెను. సగము మునిగినచో నీటిమట్టమున చార ఏర్పడును. రెండు మూడు గంటలకొకసారి తీసి బ్రష్షుతో రుద్ది చూడవలెను. సాధారణముగ ఒక రాత్రి చాలును. ఎక్కువసేపు ఉంచినచో ఆమ్లము మంచి ఇనుమును కూడ తినును. చిన్న సామానులకు వెనిగర్‌ను నీరు కలపకుండ వాడవచ్చును. నట్లు, మరలు వంటి వాటికి మన వంటింటి చింతపండు గుజ్జు కూడ పనిచేయును. ఇత్తడి చెంబును తోమునట్లే దానిని పట్టించి, కొంతసేపు ఉంచి రుద్దవలెను.

బయటకు తీసిన బిళ్లపై నల్లని మసి కనబడును. దానిని చూచి భయపడనక్కరలేదు. పోత ఇనుములో నూటికి 2 మొదలు 4 పాళ్ల వరకు బొగ్గుపదార్థము కలదు. ఆమ్లము ఇనుమును కరగించినప్పుడు అది పైకి తేలును. బ్రష్షుతో రుద్దిన పోవును. వెంటనే లీటరు నీటికి ఒక పెద్ద చెంచా వంట సోడా కలిపిన నీటిలో ముంచి, మంచినీటితో కడుగవలెను. ఈ సోడా కడుగు మానినచో మిగిలిన ఆమ్లము రంగు క్రింద దాగి మరల త్రుప్పును పుట్టించును.

(ఇ) మొలాసిస్ నీరు: చెరకు ప్రాంతములలో పశువుల దాణాకై తెచ్చిన మొలాసిస్ మిగిలియున్నచో, 1 పాలు మొలాసిస్‌కు 9 పాళ్లు నీరు కలిపి బిళ్లలను ముంచవలెను. ఇది మెల్లగ పనిచేయును. ఒకటి రెండు వారములు పట్టును. పులిసి వాసన కొట్టును గాన ఇంటికి దూరముగ ఉంచవలెను. తీపి వాసనకు పశువులు వచ్చి త్రాగవచ్చును గాన తొట్టెపై మూతపెట్టి రాయి ఉంచుట తప్పనిసరి.

(ఈ) విద్యుత్తుతో త్రుప్పు తీయుట: ట్రాక్టరు బ్యాటరీ చార్జరు ఉన్నవారు ఈ పద్ధతిని అవలంబింపవచ్చును. ప్లాస్టిక్ తొట్టెలో 10 లీటర్ల నీటికి సుమారు 50 గ్రాముల చాకలి సోడా కలుపవలెను. బిళ్లను తొట్టె నడుమ వ్రేలాడదీసి, చార్జరు ఋణ తీగను, అనగా నల్లదానిని, దానికి తగిలింపవలెను. ఒక పనికిరాని ఇనుప రేకును ఎడముగ ఉంచి, ధన తీగను, అనగా ఎర్రదానిని, దానికి తగిలింపవలెను. రెండును ఒకదానికొకటి తగులరాదు. 12 వోల్టుల విద్యుత్తుకు కొన్ని గంటలలో త్రుప్పు వదలును. తీగలు తారుమారైనచో బిళ్లయే కరగును. స్టెయిన్‌లెస్ స్టీలు రేకును వాడరాదు. దాని వలన విషపూరితమైన క్రోమియము నీటిలో చేరును. సోడాకు బదులు ఉప్పు వేయరాదు, విషవాయువు పుట్టును. ఈ పనిలో హైడ్రోజను వాయువు వెలువడును గాన దగ్గర బీడీ కాల్చరాదు, దీపము ఉంచరాదు. చార్జరు ఆపిన తరువాతనే నీటిలో చేయి పెట్టవలెను. ఇంటి కరెంటు తీగలను నేరుగ తొట్టెలో పెట్టుట ప్రాణాపాయము.

ఏ పద్ధతిలోనైనను మిగిలిన నీటిని కాలువలోను, బావి దగ్గరను, పశువులు త్రాగు తొట్టి వద్దను పోయరాదు. ఆమ్లపు నీటిలో నురుగు ఆగువరకు సోడా వేసి, విరిగిన తరువాత నీటివనరులకు దూరముగ గుంట తీసి పోయవలెను. విద్యుత్తు పద్ధతిలోని సోడా నీటికి మరల సోడా అక్కరలేదు. దానిని కూడ అట్టి గుంటలోనే పోయవలెను.

బరువులను కొలిమిలోనో, పొయ్యిలోనో కాల్చి త్రుప్పు వదిలించుట కొందరి అలవాటు. ఇది తగదు. పోత ఇనుము వేడికి పగులవచ్చును. ఉక్కు కడ్డీ పదును కోల్పోయి తరువాత బరువుకు వంగును.

కడ్డీని శుభ్రపరచు విధము

కడ్డీని ఆమ్లములో నానవేయరాదు. విద్యుత్తు తొట్టెలోను పెట్టరాదు. ఈ రెండు పద్ధతులలోను పుట్టు హైడ్రోజను గట్టి ఉక్కులో చొరబడి దానిని పెళుసుబార్చవచ్చును. బయటికి నిగనిగలాడుచు లోపల పెళుసైన కడ్డీ త్రుప్పు కడ్డీకంటె అపాయకరము.

కావున కడ్డీకి చేతిపనియే శ్రేష్ఠము. పలుచని యంత్రపు నూనెనుగాని, డీజిలునుగాని గుడ్డతో పట్టించి ఒక గంట నాననీయవలెను. చేయి జారకుండుటకై కడ్డీపై చెక్కిన గరుకు గీతలలో త్రుప్పు దాగును. అచ్చట ఇత్తడి తీగల బ్రష్షుతో గీతల వెంబడి రుద్దవలెను. ఉప్పు కాగితము వాడినచో గరుకు అరిగి పట్టు తప్పును. బిగుసుకొనిన కాలరును సుత్తితో కొట్టరాదు. చుట్టును నూనె పోసి ఒక రాత్రి ఉంచి, మరునాడు కొయ్య సుత్తితో మెల్లగ తట్టుచు త్రిప్పవలెను. చివరకు డీజిలును పొడిగుడ్డతో పూర్తిగ తుడిచి, సబ్బునీటి గుడ్డతో పట్టు భాగమును తుడిచి ఆరబెట్టవలెను.

క్రోమియపు పూత గల కడ్డీలను, డంబెల్సును గరుకు కాగితముతో రుద్దినచో పూత పోవును. వంటింటిలో వాడు పలుచని అల్యూమినియము రేకును ఉండగ నలిపి నీటిలో తడిపి రుద్దినచో పూతకు హెచ్చు హాని లేకుండ త్రుప్పు మచ్చలు పోవును. పూత పెచ్చులుగ లేచినచో ఆ అంచులు చేతిని కోయును. అట్టి దానిని వాడరాదు.

ఆరబెట్టుట, రంగు వేయుట

త్రుప్పు తీసినంతనే పని ముగిసినదనుకొనుట పొరపాటు. శుభ్రపడిన ఇనుము నీటికి మిక్కిలి సులభముగ లొంగును. తడిగ విడిచినచో గంటలోననే పసుపురంగు క్రొత్త త్రుప్పు కనిపించును. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి, మంచి ఎండలో బిళ్ల లోపలివరకు వెచ్చబడునట్లు రెండు మూడు గంటలు ఉంచవలెను. ముసురు దినములలో ఈ పని పెట్టుకొనరాదు.

చేతికి పొడిగ తగిలిన అదే దినమున ఇనుప వస్తువులకు వేయు ప్రైమరును పలుచగ ఒక పూత వేయవలెను. అది ఆరిన తరువాత నల్ల ఎనామెల్ రంగును రెండు పూతలు, ఒక్కొక్క పూతకు ఒక దినము వ్యవధి నిచ్చి వేయవలెను. ఒకే మందపు పూతకంటె రెండు పలుచని పూతలు మేలు. నడిమి రంధ్రము లోపల రంగు వేయరాదు. రంధ్రము బిగుతుపడి కడ్డీ దూరదు. అచ్చట నూనె చేయి వేసిన చాలును. అక్షరములపై తెల్లరంగు నింపినచో అంకెలు స్పష్టముగ కనబడును.

కడ్డీకి రంగు వేయరాదు, చేయి జారును. దానికి పలుచని యంత్రపు నూనెను పట్టించి, పొడిగుడ్డతో చేతికి జిడ్డు తగులనంతగ తుడువవలెను. ఇంజను నుండి తీసిన వాడిన నూనెను చేతులు తగులు వస్తువులకు పూయరాదు. దానిలో చర్మమునకు, ఆరోగ్యమునకు హాని చేయు పదార్థములుండును. వంటనూనెలు కొంతకాలమునకు జిగటపడి దుమ్మును పట్టును. అవిసె నూనె వాడువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను: ఆ నూనె తడిసిన గుడ్డలను ఉండగ చుట్టి మూలను పడవేసినచో వాటంతటవియే వేడెక్కి మండగలవు. వాటిని విప్పి ఆరుబయట పరచి ఆరబెట్టవలెను.

తూచి జత కలుపుట

ఇనుము త్రుప్పుగ మారునప్పుడు ఆమ్లజనిని, నీటిని తనలో కలుపుకొనును గాన త్రుప్పు అంటియున్నంత కాలము బిళ్ల బరువు కొంచెము హెచ్చియుండవచ్చును. త్రుప్పును తీసివేసినచో మొదటి బరువుకంటె తగ్గును. కావున రంగు ఆరిన పిమ్మట ప్రతి బిళ్లను తూచి, వచ్చిన బరువును వెనుకవైపు వ్రాయవలెను. బరువులు దగ్గరగ నున్నవాటిని జతలుగ కడ్డీకి రెండువైపుల ఎక్కించినచో ఒక భుజముపై హెచ్చు భారము పడదు. కడ్డీని కూడ తూచవలెను. పోటీలలో పురుషుల కడ్డీ 20 కిలోలు, స్త్రీల కడ్డీ 15 కిలోలు ఉండును. ఇంటి కడ్డీలు అంత బరువుండవు. ఒక్కొక్కటి ఒక్కొక్క విధముగ నుండును.

ఇచ్చట ఒక హెచ్చరిక. ధాన్యము, పత్తి, మిరప తూచు కాటా రాళ్లకు ఈ పద్ధతులను ఎంతమాత్రమును వాడరాదు. వాటిని గీకినను, ఆమ్లములో ముంచినను, రంగు వేసినను బరువు మారును, ముద్ర చెడును. త్రుప్పు పట్టిన కాటా రాయిని తూనికలు కొలతల శాఖవారికి చూపి, సరిచూపించి ముద్ర వేయించిన తరువాతనే వాడవలెను. అట్లే వ్యాయామపు బిళ్లను కాటాలో వేసి సరుకు తూచుట చట్టవిరుద్ధము. అమ్మువాడో కొనువాడో నష్టపోవును.

నిలువ ఉంచు విధము

బాగుచేసిన బరువులు మరల పాడుకాకుండుట పూర్తిగ మన అలవాటుపై ఆధారపడియున్నది. బరువులను నేలపై ఉంచక కొయ్య పలకలపై, గోడకు జానెడు ఎడముగ ఉంచవలెను. ఎరువులు, పురుగుమందులు, ఉప్పు, బ్యాటరీలు ఉన్న గదిలో ఉంచరాదు. గోనెపట్టాతో కప్పరాదు; గోనె తేమను పట్టి ఉంచును. గాలి ఆడునట్లు ఉంచుటయే మేలు. వ్యాయామము ముగిసిన ప్రతిసారి చెమట పోవునట్లు పొడిగుడ్డతో తుడువవలెను. దీనికి రెండు నిమిషములు పట్టును. వానకాలములో పదునైదు దినములకొకసారి, మిగిలిన కాలములో నెలకొకసారి కడ్డీకి నూనె చేయి వేయవలెను. రంగు లేచిన చోట చిన్న మచ్చగ నున్నప్పుడే గీకి రంగు పూయవలెను. యువజన సంఘములవారు ఈ పనిని వంతులవారీగ పంచుకొని, తేదీని గోడపై వ్రాసికొనుట మంచిది.

ఈ పాఠము బరువులకు మాత్రమే కాదు. పార, గడ్డపలుగు, కొడవలి, నాగటి కర్రు, గొర్రు పళ్లు – ఇవియన్నియు ఇనుమే. పని ముగిసిన దినమున కడిగి, ఆరబెట్టి, నూనె చేయి వేసి అటకపై పెట్టిన కొడవలి మరుసటి కోతకు పదునుతో చేతికి వచ్చును. బరువులను కాపాడుట నేర్చిన కుర్రవాడు పనిముట్లను కాపాడుట కూడ నేర్చినట్లే.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. బిళ్లను బాగుచేయవచ్చును. లోతుగ త్రుప్పు తిన్న కడ్డీని, బీట వారిన బిళ్లను పాత ఇనుమునకు వేయవలెను.

2. కడ్డీని ఆమ్లములోను, విద్యుత్తు తొట్టెలోను, నిప్పులోను పెట్టరాదు.

3. ఆమ్లములో నానిన బిళ్లను సోడా నీటితో తప్పక కడుగవలెను.

4. కడిగిన దానిని అప్పుడే ఆరబెట్టి, ఆ దినమే ప్రైమరు వేయవలెను.

5. తొట్టెలపై మూత ఉంచి పిల్లలను, పశువులను దూరముగ ఉంచవలెను.

6. కాటా రాళ్లను ఇంటిలో బాగుచేయరాదు.

7. బాగుచేసిన కడ్డీకి మొదటి దినమున తక్కువ బరువు ఎక్కించి, నిలబడి నేల మీదినుండి ఎత్తి చూడవలెను. ఒక వారము సంతృప్తికరముగ నున్న తరువాతనే, ప్రక్కన మరియొకరు నిలబడియుండగ, పడుకొని ఎత్తు వ్యాయామమునకు వాడవలెను.

త్రుప్పును తీయుటకు ఒక ఆదివారము చాలును. మరల రాకుండ చేయుటకు దినమునకు రెండు నిమిషములు చాలును. ఆ రెండు నిమిషములను మానినచో ఆదివారపు శ్రమయంతయు వ్యర్థమగును.